నమాజును ప్రార్థనగా దిద్దకు

అమ్మాయికి ఆశీస్సులు.

కథ చదివాను. తల్లీకొడుకుల మాటలు బాగున్నాయి. కానీ మూడో పేజీలో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "అస్తమిస్తున్న సూర్యుడి వైపు తిరిగి, చేతులు జోడించి, కొడుకు జ్వరం తగ్గాలని ఖైరున్ అరగంట ప్రార్థన చేసింది."

ఖైరున్ చేసింది నమాజు. ప్రార్థన అంటే అర్థించడం, అడగడం. నమాజులో ఉన్నది వంగడం. అది ఫార్సీ మాట, మన 'నమస్సు'కు తోబుట్టువు. రెండింటికీ మూలం వంగడమనే అర్థమున్న 'నమ్'. ఇస్లాం రాకముందే ఇరాన్‌లో జొరాస్ట్రియన్లు తలవంచి మొక్కడానికి ఈ మాట వాడారు. తర్వాత ముస్లింలైన ఇరానీయులు అరబీ 'సలాత్'కు తమ ఇంటిమాటనే పెట్టుకున్నారు. ఫార్సీ మన దేశంలో రాజభాష అయ్యాక ఉర్దూకూ, తెలుగుకూ అదే అందింది. ఖురాన్‌లో ఉన్నది సలాత్. అజాన్‌లో పిలుపు కూడా 'హయ్య అలస్సలాహ్' అనే. కనుక నీ కథలో అజాన్ పిలిచే ముఅజ్జిన్ నోట 'నమాజు' పలికించకు.

కొందరు సంపాదకులు నమాజు కనబడితే చాలు, కొట్టేసి ప్రార్థన అని దిద్దుతారు. పాఠకుడికి సులువట! నమాజంటే తెలియని తెలుగువాడు ఏ ఊళ్ళో ఉన్నాడు? వాళ్ళ కోసం ముందే నీ చేత్తో నువ్వే దిద్దుకోవడం నాకు బాధనిపించింది. పైగా తెలుగు ముస్లింలు 'నమాజు చదవడం' అంటారు. ఆమె చేత చదివించు.

ఇక ఆ సాయంత్రం సంగతి. సూర్యబింబం కుంగుతుండగా మగ్రిబ్, అంటే సాయంత్రపు నమాజు, చదవరు, పూర్తిగా దిగాకే మొదలు. ఆమె తిరిగేది సూర్యుడి వైపు కాదు, కాబా వైపు. మన ఊళ్ళనుంచి అది పడమర, కాస్త వాయవ్యంగా. నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వుజూలో తలమీద నీళ్ళు కుమ్మరించుకున్నట్టు రాశావు. ముఖం, మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా పాదాలు కడుగుతారు, తలకు మసహ్, అంటే తడిచేత్తో తుడవడం, మాత్రమే. పరిచింది చాప అనకు, జానమాజ్ అను. 'జా' అంటే చోటు.

చేతులు జోడించడం నమాజులో లేదు. నిలబడినప్పుడు ఎడమచేతి మీద కుడిచెయ్యి, ఆడవాళ్ళయితే ఛాతీ మీద. తర్వాత నడుము వంచే రుకూ, లేచి నిలబడటం, ఆపైన నేలకు ఒరిగే సజ్దాలు రెండు. సజ్దాలో నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, కాలివేళ్ళు నేలను తాకాలి. ఇది ఒక రకాత్. మగ్రిబ్‌కు ఫర్జ్, అంటే తప్పనిసరివి, 3 రకాతులు, ఆపైన ప్రవక్త అలవాటును బట్టి చదివే సున్నత్ 2. ఫర్జ్ అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. ఆందోళనలో ఎన్ని రకాతులయ్యాయో మరిచిపోతే చివర్లో 'సహూ', అంటే మరపు, సజ్దాలు రెండు చేస్తారు. కొడుకు మూలుగు వినబడి ఖైరున్ లెక్క తప్పితే? కన్నీళ్ళ గురించి నువ్వు రాసిన ఆరు వాక్యాలూ అక్కర్లేదు, ఆ రెండు సజ్దాలు చాలు.

అడగడం ఆ తర్వాత. కుడికీ ఎడమకీ ముఖం తిప్పి సలాం చెప్పి నమాజు ముగించాక, అరచేతులు తెరిచి చేసేది దువా. నమాజులో అరబీ వాక్యాలే. దువాలో మాత్రం తన బాధ తెలుగులో చెప్పుకోవచ్చు. నీ కథకు ప్రాణం ఆ మలుపులో ఉంది: అంతవరకూ గొంతులో ఆపుకున్నది అప్పుడు రానివ్వు. చివర్లో అరచేతులతో ముఖం తుడుచుకుంటుంది.

మామగారి జనాజాలో, అంటే అంత్యక్రియల నమాజులో, జనమంతా సజ్దాకు ఒరిగారన్నావు. కొట్టెయ్. జనాజా నమాజుకు రుకూ లేదు, సజ్దా లేదు. నిలబడే 4 తక్బీర్లు, అంటే నాలుగుసార్లు 'అల్లాహు అక్బర్' అనడం, ఆపైన సలాం. ఎదురుగా మయ్యత్, అంటే శవం, ఉంటుంది, సజ్దా అల్లాహ్‌కు తప్ప మరొకరికి చెల్లదు గనుక వంగరని పెద్దలు చెబుతారు.

నువ్వడిగిన కలంపేరు, పోటీల సంగతి మరోసారి. ముందు మూడో పేజీ, జనాజా పేరా తిరగరాసి పంపు. పంపేముందు నమాజు చదివే ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించు.