వాలు స్టెన్సిల్ అక్షరాలు తెలుగుకు నప్పుతాయా?

ప్రశ్న: మేము షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తుంటాము. దుకాణం పేరులో ‘వరలక్ష్మి’ అన్న మాట ఉంది. లావుగా, వాలుగా, మధ్యమధ్య తెగినట్టుండే ఇంగ్లీషు స్టెన్సిల్ అక్షరాల తరహాలో ఆ పేరును కుర్చీల వెనుక, వ్యాను తలుపుల మీద వేయించాలనుకుంటున్నాను. తెలుగు ఫాంటును కంప్యూటరులో వాల్చి, రేకు కోయిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ తరహా తెలుగుకూ నప్పుతుంది కానీ, కంప్యూటరు వాల్చి ఇచ్చినదాన్ని యథాతథంగా కోయించకండి.

స్టెన్సిల్ రేకులో సున్నను చుట్టూ పూర్తిగా కోసేస్తే లోపలి బిళ్ళ ఊడిపోయి, రంగు వేసినప్పుడు సున్నకు బదులు నిండు చుక్క పడుతుంది. ఆ బిళ్ళను పట్టి ఉంచడానికి కోయకుండా వదిలే సన్నని పట్టీలే రంగు వేశాక ఖాళీలుగా కనిపిస్తాయి. 1937లో అమెరికాలో లడ్‌లో సంస్థకు హంటర్ మిడిల్టన్, అమెరికన్ టైప్ ఫౌండర్స్‌కు గెరీ పవెల్ కొద్ది వారాల తేడాతో ‘స్టెన్సిల్’ అన్న పేరుతోనే రెండు టైపులు, అంటే అచ్చు అక్షరాల నమూనాలు, రూపొందించారు. రెండింటిలోనూ ఉన్నవి పెద్దక్షరాలే. వాటిలో లోపలి ఖాళీ మూసుకుపోయేవి ఎ, బి, డి, ఓ, పి, క్యూ, ఆర్ మాత్రమే కాబట్టి వాళ్ళ పని కొంత తేలిక.

మన లిపిలో చిక్కు వేరు. ‘ప’, ‘స’, ‘హ’ వంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది, ‘వ’కు అతుక్కుని ఉంటుంది, అంటే మనకు ఖాళీ కూడా అక్షరంలో భాగమే. మీ పేరులోని ‘వ’కు తలకట్టు దగ్గరే పట్టీ వదిలితే, వ్యాను వెళ్తుండగా చూసేవారికి మీది ‘పరలక్ష్మి’ అవుతుంది! అక్కడ గీతను తెంపకండి. ‘ర’కు మాత్రం పైనా కిందా రెండు పట్టీలు వదిలించండి. ఒక్కటే ఉంటే, ముఖ్యంగా పాత ఎక్స్‌రే ఫిల్ము మీద కోసినప్పుడు, లోపలి బిళ్ళ లేచి రంగు దాని కిందికి పాకుతుంది. పది సెంటీమీటర్ల అక్షరానికి అర సెంటీమీటరు పట్టీ చాలు. పట్టీలన్నీ అక్షరం వాలిన దిక్కుకే వాలాలి, లేకపోతే అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది.

ఇక వాలు సంగతి. 12 డిగ్రీలు వాల్చితే పది సెంటీమీటర్ల ఎత్తులో పైభాగం అడుగుకంటే రెండు సెంటీమీటర్లకు పైగా కుడికి జరుగుతుంది. ‘క్ష్మి’లో పైన గుడి, కింద ఒత్తులు ఉన్నందున మొత్తం ఎత్తు ఇంకా ఎక్కువ, గుడి కుడికి తూలితే, ఒత్తులు ఎడమకు జరిగి ‘ల’ కిందికి చొరబడతాయి. పైగా గుండ్రని గీత ఒకవైపు సన్నబడి మరోవైపు లావెక్కుతుంది, ‘ర’లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా మాటగా, ఏడెనిమిది డిగ్రీలు దాటకండి. వాల్చాక ఒత్తులను చేత్తో కుడికి జరిపించి, గీతల మందాన్ని సరిచేయించండి.

ఫోను నంబరును మాత్రం నిటారుగానే వేయించండి, పట్టీలు ఎక్కడ వస్తున్నాయో కూడా చూసుకోండి. ‘8’కి పట్టీలు ఎడమవైపున పెడితే ‘3’లా కనిపించి, పెళ్ళివారి ఫోను ఇంకెవరికో వెళ్తుంది.