పాయింట్లు వస్తాయని క్రూజ్ మొత్తం కార్డు మీద పెట్టొచ్చా?

ప్రశ్న: మేము నలుగురం, నేనూ మా ఆవిడా ఇద్దరు పిల్లలు. ఇంకో నాలుగున్నర నెలల్లో 7 రాత్రుల క్రూజ్‌కు వెళ్తున్నాం. అడ్వాన్సు కట్టేశాను, ఇంకా 4,000 డాలర్లు కట్టాలి. కార్డుతో కడితే 2 శాతం రివార్డు పాయింట్లు వస్తాయి. క్రూజ్ సంస్థ 300 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి ఇచ్చే జమ) కూడా ఇచ్చింది. తిరిగి వచ్చాక నెలనెలా కార్డు బిల్లు తీర్చేస్తాను. పాయింట్లు, క్రెడిట్ వృథా కాకుండా ఎలా వాడుకోవాలి? ఆ కార్డులో పాత బాకీ 2,500 డాలర్లు ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది, రేవుల్లో దిగి తిరగడానికి అది వాడదామనుకుంటున్నాను. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే.

జవాబు: మీ ఉత్తరాన్ని బాగా కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో పాయింట్ల గురించి ఒకటిన్నర పేజీ ఉంది. పాత బాకీ గురించి ఒకే వాక్యం, అదీ చివర్లో. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి కాబట్టే జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 4,000 మీద 2 శాతం అంటే 80 డాలర్లు. మీ కార్డు వడ్డీ ఎంతో రాయలేదు, నెలకు 3 శాతం అనుకుందాం. పాత బాకీ 2,500 మీద నెలకు 75 డాలర్లు. అంతటితో అయిపోదు. బాకీ మోస్తున్న కార్డుకు సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు. కొత్తగా గీకిన మొత్తానికి గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే ఈ 4,000 మీద ఇంకో 120. నెల తిరిగేసరికి 195, రెండు నెలలకు 390. మీకొచ్చే పాయింట్లూ ఆన్‌బోర్డ్ క్రెడిట్టూ కలిపితే 380. ఓడ ఎక్కకముందే ఆ రెండూ వడ్డీకి సరి. వడ్డీ ఇందులో సగమే అనుకున్నా, రెండు నెలల బదులు నాలుగు నెలలు పడుతుంది, అంతే తేడా.

ఈఎంఐగా మార్చుకుంటానంటారేమో. ప్రాసెసింగ్ ఫీజు తీసుకుని అదే అప్పును సాగదీస్తారు. కొన్ని కార్డుల్లో ఈఎంఐ చేస్తే పాయింట్లు కూడా ఇవ్వరు. ఇక దేనికోసం ఇదంతా?

ఇప్పుడు ఆ 300 సంగతి. దాన్ని మీరు చేతిలోని నగదులా చూస్తున్నారు. పెద్ద అమెరికన్ క్రూజ్ సంస్థల్లో సిబ్బంది టిప్పు మనిషికి రోజుకు 16 డాలర్లో ఆ పైనో పడుతుంది, పిల్లలకూ కలిపి. నలుగురికి 7 రాత్రులకు 448. ముందే కట్టకపోతే అది రోజూ మీ ఓడ ఖాతాలో, అంటే ఓడలో మీ గది పేరిట ఖర్చులు రాసే ఖాతాలో, పడుతూనే ఉంటుంది. మీ క్రెడిట్ ఆ టిప్పులకే చాలదు. కొన్ని సంస్థల్లో ఉచితంగా ఇచ్చిన క్రెడిట్‌ను టిప్పులకు వాడనివ్వరు కూడా. కాసినోలో సాధారణంగా పనికిరాదు. వాడకుండా మిగిలింది సాధారణంగా చివరి రాత్రితో చెల్లిపోతుంది. ఒకసారి నాకు చివరి రాత్రి 41 డాలర్లు మిగిలాయి. షాపు మూసేస్తున్నారని పరుగెత్తి 65 డాలర్ల వాచీ కొన్నాను. జేబులోంచి 24 పోయాయి. ఆ వాచీ ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

కొన్ని క్రూజ్ సంస్థలు 100 షేర్లున్నవాళ్లకు ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తాయట, కొననా అని కూడా అడిగారు. వద్దు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఈ పాయింట్లు కాదు, మీ పొదుపు ఖాతా. ఒక్కరి జీతం మీద నలుగురు బతుకుతున్నారు, అత్యవసర నిధి ఒక్క నెలది, దాన్ని కూడా షికార్లకు తీస్తానంటున్నారు. ఓడలో నాలుగో రోజు చిన్నబాబుకు వాంతులు మొదలయ్యాయనుకోండి. కింది డెక్కులో వైద్యకేంద్రం ఉంటుంది. డాక్టరు చూస్తారు, సెలైన్ పెడతారు, రక్తపరీక్ష చేస్తారు. బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి కార్డుకు. ఇంటి దగ్గర వాడుకునే ఆరోగ్య బీమా సముద్రం మీద చాలాసార్లు పనిచేయదు. పనిచేసినా ముందు మీరు కట్టాలి, తర్వాత క్లెయిము పెట్టుకోవాలి. పరిస్థితి విషమించి హెలికాప్టర్‌లోనో ఎయిర్ అంబులెన్స్‌లోనో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది. వైద్య తరలింపు కూడా కవరయ్యే ప్రయాణ బీమా లేకుండా నలుగురితో ఓడ ఎక్కడాన్ని నేను ఒప్పుకోను.

కార్డుతో బీమా ఉచితంగా వస్తుంది కదా అని రాశారు. ఆ షరతులు చదివారా? చాలా కార్డుల్లో టికెట్ డబ్బు ఆ కార్డుతోనే కడితేనే ఆ కవర్ వర్తిస్తుంది. మరోచోటి పాయింట్లతో కొన్న టికెట్‌కు అది ఉంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. వైద్య ఖర్చుల పరిమితి ఎంతో కూడా అడగండి. సామాను పోతే ఇచ్చే డబ్బును చూసి బీమా ఉందనుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, ఓడ ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వకండి. మీరు ఖర్చు చేసేకొద్దీ వాళ్లు బ్యాంకులో అంత మొత్తం బ్లాక్ చేస్తారు, దిగాక అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. అప్పటికి మీ ఖాతాలో మిగిలేదెంత?

మరి ఏం చేయాలి? మిగతా సొమ్ము కట్టాల్సిన చివరి గడువు సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది. మీకింకా సుమారు నెలన్నర టైముంది. అది దాటితే రద్దు రుసుము మెట్టుమెట్టుగా పెరిగి చివరి వారాల్లో మొత్తం సొమ్ముకే ఎసరు పెడుతుంది. కాబట్టి ఆలోచించేది ఇప్పుడే. తిరిగి వచ్చాక నెలనెలా తీర్చేస్తానన్నారు కదా, ఆ నెలనెలా డబ్బును ఈ నెల నుంచే పాత బాకీకి కట్టండి. కార్డులో ఇప్పటికే పోగైన పాయింట్లుంటే వాటినీ ఆ బాకీలోనే జమ చేయించుకోండి. గిఫ్ట్ కార్డుగా తీసుకుంటే కాస్త ఎక్కువ విలువ వస్తుందని చూపిస్తారు, దాని జోలికి పోకండి. కార్డును పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి. బాకీ తీరాక అదే వాయిదా మొత్తాన్ని అత్యవసర నిధికి మళ్లించండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చులు ఉండాలి, మూడు నెలలకు చేరేవరకు విహారయాత్రల మాటే ఎత్తకండి. కిటికీ లేని చవక గదికి మారడం, తక్కువ రోజుల ట్రిప్ ఎంచుకోవడం లాంటివి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నెలన్నరలో 2,500 బాకీ తీరి, మూడు నెలల నిధి పోగవదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ వారమే క్రూజ్ సంస్థకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. మీరు కట్టిన అడ్వాన్సు వెనక్కి వచ్చే రకమా, కాదా? రాని రకమైతే ఎంత రుసుముతో వచ్చే ఏడాది తేదీకి మార్చుకోవచ్చు? అడ్వాన్సు మొత్తం పోయినా, ఇప్పుడు మానుకుంటే మీకు పడే దెబ్బ అంతవరకే.