రిమోట్ టీమ్‌లో ఏ మాట ఎక్కడ చెప్పాలి?

మీ టీమ్ మూడు టైమ్ జోన్లలో ఉంది, వాట్సాప్, స్లాక్ (ఆఫీసు చాట్ యాప్), ఈమెయిల్ అన్నీ వాడుతున్నారు, అయినా ఏ నిర్ణయం ఎక్కడ జరిగిందో ఎవరికీ దొరకడం లేదన్నారు కదండీ. దయచేసి నాలుగో యాప్ మాత్రం తెచ్చుకోకండి. ఉన్నవాటికే పనులు పంచండి.

ఏ విషయానికైనా రెండు ప్రశ్నలు వేసుకోండి: జవాబు ఎంత త్వరగా కావాలి? ఆరు నెలల తర్వాత దీన్ని ఎవరైనా వెతుకుతారా?

సర్వర్ ఆగిపోతే నేరుగా ఫోన్ చేయండి. చాట్‌లో పెట్టి ఎవరైనా చూస్తారని కూర్చోవద్దు. రోజువారీ పని స్లాక్ ఛానల్లో (టీమంతా చూసే గ్రూప్), థ్రెడ్‌లోనే (ఒక మెసేజ్ కిందే వచ్చే జవాబుల వరుస) సాగాలి. నాకు తెలిసి అసలు తలనొప్పి పర్సనల్ మెసేజ్‌లే. ఇద్దరు విడిగా మాట్లాడుకుని తేల్చేస్తే మిగతావాళ్లకు ఆ సంగతే తెలియదు. "ఇది ఛానల్లో అడగండి" అని మీరే నాలుగుసార్లు మొహమాటం లేకుండా చెబితే అలవాటవుతుంది.

స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. కాబట్టి నిర్ణయాన్ని, దాని కారణాన్ని, తేదీతో సహా ఒక షేర్డ్ డాక్యుమెంట్‌లో రాసిపెట్టండి. ఈమెయిల్ బయటి క్లయింట్లకు చాలు.

థ్రెడ్‌లో వాదన ఎంతకీ తెగకపోతే, లేదా ఒకరి పనిలో లోపం చెప్పాల్సి వస్తే, వీడియో కాల్ మేలు. రాతలో మామూలు మాట కూడా కోపంలా వినిపిస్తుంది. కాల్ అయ్యాక తేలిన విషయం ఎవరు రాయాలో కాల్ మొదట్లోనే అనుకోండి, లేకపోతే ఎవరూ రాయరు.

వాట్సాప్ నుంచి ఆఫీసు పనిని పూర్తిగా తీసేయమంటాను. మనిషి ఉద్యోగం మానేస్తే అతని ఫోన్‌లోని చాట్‌లు కూడా అతనితోనే పోతాయి.