ఏటికొప్పాక లక్క బొమ్మల మెరుపు తగ్గకుండా ఎలా శుభ్రం చేయాలి?

ఏటికొప్పాక కుంకుమ భరిణె మసకబారిందంటే చాలావరకు కారణం దుమ్మూ, వేళ్ల జిడ్డూ. ముందు మెత్తటి బ్రష్షుతో గాడుల్లోని దుమ్ము దులపండి. దులపకుండా రుద్దితే ఆ రేణువులే గీతలు పెడతాయి. తర్వాత పాత నూలు పంచె ముక్కను తడిపి, గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నీళ్లలో నానబెట్టవద్దు, లోపలిది అంకుడు కర్ర, ఉబ్బుతుంది.

అసలు శత్రువు శానిటైజర్. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆ తడిచేతులతో ఒకసారి మూత పట్టుకున్నాను. ఎరుపు వేళ్లకు అంటింది, మూత మీద నిగారింపు లేని మచ్చ మిగిలింది. ఎండా, దీపం సెగా అంతే: బొమ్మ చేసేటప్పుడు, తిరిగే కర్రపై రాపిడి వేడికే మెత్తబడి పట్టుకున్న లక్క పూత అది. కొబ్బరినూనె రాయమనేవారూ ఉన్నారు. రెండు రోజులు మెరుస్తుంది, ఆపై దుమ్మంతా దానికే.