దుకాణం మూసి ఉద్యోగంలో చేరితే జీతం జప్తు చేస్తారా?

ప్రశ్న: నాలుగేళ్లుగా బోరు మోటార్లు, పైపుల దుకాణం నడుపుతున్నాను. గిరాకీ పడిపోయింది. 8 లక్షల ముద్ర లోనులో ఇంకా 5 లక్షలు కట్టాలి. రాణీగంజ్ డీలర్ దగ్గర నేను సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండున్నాయి. రైతుల దగ్గర ఉద్దెర 2 లక్షల పైనే రావాలి. కిరాయి అగ్రిమెంటు మూడేళ్లకు స్టాంపు పేపర్ మీద రాసుకున్నాం, రిజిస్ట్రేషన్ చేయలేదు. మిగిలిన 14 నెలల కిరాయి కట్టి పొమ్మంటున్నాడు ఓనర్. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీ స్టోర్స్‌లో 26 వేల జీతంతో ఉద్యోగం వచ్చింది. దుకాణం మూయాలా, నా భార్య పేరు మీదికి మార్చి రెండూ నడుపుకోవచ్చా? బ్యాంకువాళ్లు జీతం జప్తు చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఉద్యోగంలో చేరండి, దుకాణాన్ని పద్ధతిగా మూయండి. మీరు రాసిన లెక్కలు చూశాక నా అభిప్రాయం ఇదే. రెండూ నడపాలన్న ఆలోచన మాత్రం మానుకోండి.

మీది కంపెనీ కాదు, సొంత దుకాణం. చట్టం దృష్టిలో మీరూ దుకాణమూ ఒక్కటే కాబట్టి షట్టర్ దించినా బాకీలు మీ మీదే ఉంటాయి. ముద్ర లోనుకు మామూలుగా దుకాణంలోని సరుకే తాకట్టు. బ్యాంకుకు చెప్పకుండా దాన్ని భార్య పేరు మీదికి మళ్లించినా, అమ్మి సొమ్ము వాడుకున్నా క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. ఇల్లో ప్లాటో ఆమె పేరున రాసినా, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికే రాశారని తేలితే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద ఆ బదిలీ నిలవదు. పైగా కొత్త జీఎస్టీ నంబరు ఆమె పాన్ మీద వస్తుంది, రేపు సరుకు బాకీ పడితే నోటీసు ఆమెకే వస్తుంది. ముద్ర లోనుకు సర్కారే గ్యారంటీ, కట్టకపోయినా ఏం కాదు అని చెప్పేవాళ్లుంటారు. ఆ గ్యారంటీ బ్యాంకుకు, మీకు కాదు.

అపాయింట్‌మెంట్ లెటర్ పూర్తిగా చదివాకే సంతకం చేయండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే వ్యాపారం చేయరాదన్న షరతు చెల్లుతుంది. మానేశాక కూడా చేయరాదంటే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. బాండు ఉందేమో కూడా చూడండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి బాండ్లు చెల్లవులే అని సంతకం పెట్టేయకండి.

ఇక జీతం సంగతి. మీరు ఏమీ రాసివ్వకపోతే, బ్యాంకు కంపెనీకి ఒక ఉత్తరం రాసి జీతం ఆపించలేదు. దావా వేసి, డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) తెచ్చుకుని, ఆ తర్వాతే జప్తుకు రావాలి. అప్పుడు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 26 వేల మీద లెక్కేస్తే నెలకు 8,333 రూపాయలకు మించి తీసుకోలేరు. ఒకే డిక్రీ కింద 24 నెలలు జప్తు జరిగితే ఆ డిక్రీకి మళ్లీ జీతం పట్టడానికి వీల్లేదు. పీఎఫ్ సొమ్ము జోలికి అసలే రాలేరు. కానీ లోను ఉన్న బ్యాంకులోనే జీతం ఖాతా తెరిస్తే మాత్రం, వాళ్లు అందులోంచి బకాయి కోసుకునే అవకాశం ఉంది.

అంతదాకా రానివ్వకపోవడమే మంచిది. కిస్తీ కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. అంతకుముందే అపాయింట్‌మెంట్ లెటర్ పట్టుకుని మేనేజర్‌ను కలిసి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. దుకాణం మూసి తిరిగేవాడికంటే నెల జీతం ఉన్నవాడి మాట బ్యాంకు త్వరగా వింటుంది. కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు పోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఆ రెండు చెక్కుల గురించే. ఖాళీ చెక్కు అయినా సంతకం మీదైతే బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని నిరూపించుకోవాల్సింది మీరే. బ్యాంకు ఖాతా మూసేసినా చెక్కు బౌన్స్ అయితే పెట్టే 138వ సెక్షన్ కేసు తప్పదు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేస్తారు. శిక్ష రెండేళ్ల జైలు దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. అందుకే దుకాణం మూస్తున్నట్టు బయటికి తెలియకముందే రాణీగంజ్ వెళ్లి లెక్క తేల్చుకోండి. ఒక్కసారే కట్టలేకపోతే కిస్తీల ఒప్పందం రాసుకోండి. చెక్కు నంబర్లు వేసి, వాటిని తిరిగి తీసుకున్నట్టు కాగితం తెచ్చుకోండి.

ఓనర్ బెదిరింపుకు అంత బలం లేదు. ఏడాది దాటిన కిరాయి ఒప్పందం రిజిస్టర్ కాకపోతే ఆ మూడేళ్ల గడువును కోర్టులో పట్టుబట్టడం కష్టం. నెలనెలా కిరాయిదారుగానే చూస్తారు. 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి, తాళాలు అప్పగించినట్టు రసీదు తీసుకుని, అడ్వాన్సు అడగండి. జీఎస్టీ రద్దుకు మూసిన 30 రోజుల్లో దరఖాస్తు చేసి, రద్దయిన మూడు నెలల్లో ఫైనల్ రిటర్ను వేయండి. మిగిలిన సరుకు మీద పన్ను కట్టాల్సి వస్తుంది, ఆ లెక్క ఆడిటర్‌తో చేయించండి.

ఉద్దెర మీద ఆశ వదులుకోకండి. గడువేమీ పెట్టుకోకపోతే, సరుకిచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మీ ఖాతా పుస్తకంలో రాసుకున్నది ఒక్కటే సాక్ష్యంగా చాలదు. బాదేపల్లి మార్కెట్‌కు పల్లీ వచ్చే రోజుల్లో రైతు చేతిలో నాలుగు పైసలుంటాయి, అప్పుడు వెళ్లి అడగండి. ఇచ్చినంత తీసుకుని, మిగిలిన బాకీ ఇంత అని రాయించి, కింద సంతకం, తేదీ పెట్టించుకోండి. మూడేళ్లు దాటకముందు చేసిన సంతకమైతే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది.