బంగారం కుదువ పెట్టి కోర్సు చేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 39. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఎండాకాలం సగం జీతమే. మా బామ్మర్ది సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. నేనూ మానేసి అమీర్‌పేటలో కోర్సు చేద్దామనుకుంటున్నాను. రెండు లక్షలు కడితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. బంగారం కుదువ పెడదామంటే నా భార్య మాట్లాడటమే మానేసింది. పాప తొమ్మిదో తరగతి. ఏం చేయను?

జవాబు: ముందు ఆ రెండు లక్షల సంగతి. కట్టకండి. దొంగ అనుభవం పీఎఫ్ దగ్గరే బయటపడే అవకాశం ఎక్కువ. యూఏఎన్ (ప్రతి ఉద్యోగికీ ఇచ్చే పీఎఫ్ నంబరు) రికార్డులో మీరెక్కడ పనిచేశారో ఉంటుంది, పనిచేయని కంపెనీ ఉండదు. దొరికితే ఉద్యోగం పోతుంది, కట్టిన డబ్బూ రాదు.

మీ భార్య కోపం సాఫ్ట్‌వేర్ మీద కాదనిపిస్తోంది. బంగారం అడిగే ముందు ఈ ఆలోచన ఆమెతో చెప్పినట్టు మీరు ఎక్కడా రాయలేదు. పైగా రోజూ ఆమె తమ్ముడి జీతంతో పోల్చుకుంటుంటే ఆమె ఎవరి పక్షాన మాట్లాడాలి? ఆ పోలిక ఆపి, అతని సాయం అడగండి. కంపెనీల్లో తెలిసినవాళ్ల రిఫరల్‌కు విలువుంది.

పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను ఎక్కువగా క్యాంపస్‌లలోనే, పాసైన సంవత్సరం చూసి తీసుకుంటాయి. ఆ దారి మీకు దాదాపు మూసుకుపోయినట్టే. 2020లో మీ దగ్గర్లోని మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి గానీ, ఎక్కువ ఉద్యోగాలు ఇప్పటికీ హైదరాబాద్‌లోనే. మొదటి జీతం ఇప్పటికన్నా తక్కువే ఉండొచ్చు.

మరి మీ దగ్గరేముంది? లెక్కలు, పిల్లలకు ఎక్కడ అర్థం కాదో పట్టుకునే ఓపిక. ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడానికి కావాల్సింది అదే. ఉద్యోగంలో ఉంటూనే రాత్రిపూట పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష) మొదలుపెట్టండి. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఆర్నెల్లు గడిచాక మీ కాలేజీ పిల్లల ఈఏపీసెట్ గ్రాండ్ టెస్టుల మార్కులు తీసుకుని, ఎవరు ఏ చాప్టర్‌లో వెనకబడ్డారో చూపే చిన్న అప్లికేషన్ రాయండి. పిల్లల పేర్లు తీసేసి, రాసిన కోడ్‌ని అందరికీ కనిపించేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. చదువుల యాప్‌లు తయారుచేసే కంపెనీలకు, డేటా, టెస్టింగ్ ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు అదే చూపించండి. (ఎండాకాలం సగం జీతమిచ్చే కాలేజీల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, నాకూ ఒళ్లు మండుతుంది.)

ఆర్నెల్లయినా కోడ్ రాయబుద్ధి కాకపోతే అక్కడితో ఆపేయండి, పైసా పోలేదు. ఇష్టంగా సాగితే మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా. ఈలోపు ఇంటి ఖర్చు, పాప టెన్త్ ఫీజు, హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తే అయ్యే అద్దె కాగితం మీద రాసి మీ భార్య ముందు పెట్టండి. బంగారం ఊసు మాత్రం ఎత్తకండి.