ముందు అమ్మని ఎన్ని గంటలకోసారి తిప్పుతున్నారో అడగండి

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు, షుగర్ ఉంది. పక్షవాతంతో మంచాన పడ్డాక హైదరాబాద్‌లో ఓల్డేజ్ హోమ్‌లో చేర్పించాం, నేనుండేది పుణెలో. మొన్న వెళ్లి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత పుండు, మధ్యలో నల్లగా ఉంది. రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నామంటున్నారు కానీ తగ్గట్లేదు. మంచి ఆయింట్‌మెంట్ చెప్తారా?

డాక్టర్ సలహా: మీరు చెప్పేదాన్ని బట్టి అది బెడ్‌సోరే అనిపిస్తోందండి. అస్తమానం ఒకేలా పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది, ఆ బరువు అక్కడ పడుతున్నంతకాలం ఎంత ఖరీదైన ట్యూబ్ రాసినా మానదు. ఆ నల్లటిది చచ్చిన చర్మం అయ్యుంటుంది, కింద ఎంత లోతుందో పైకి తెలీదు, అందుకే ఈ వారమే సర్జన్‌కి చూపించండి, హోమ్‌లో ఆయాల్ని మాత్రం గీకనివ్వకండి.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా, రాత్రి కూడానా అని అడగండి. రాత్రి పదింటికి పడుకోబెట్టి మళ్లీ పొద్దున ఆరింటికి డైపర్ మార్చే చోట పుండు మానడం కష్టం. తిప్పిన టైమ్ రాసే కాగితం మంచం దగ్గర పెట్టమనండి, అయినా కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా అప్పుడప్పుడు చెప్పకుండా వీడియో కాల్ చేసి అమ్మ ఎటు తిరిగి ఉందో చూడండి. వారానికోసారి పక్కన స్కేల్ పెట్టి పుండు ఫొటో పంపమనండి. గాలి పరుపు మంచిదే, కానీ మోటార్ స్విచ్ ఆపేసి ఉన్నవి నేను చాలానే చూశా, పైగా పరుపు ఉంది కదా అని తిప్పడం మానేస్తారు. గుండ్రటి రింగ్ దిండు వద్దు, చుట్టూ ఒత్తి రక్తం ఇంకా ఆగుతుంది.

కడగడానికి నార్మల్ సెలైన్ చాలు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే వచ్చే కొత్త కండ కూడా దెబ్బతింటుంది. మోషన్‌తో డ్రెస్సింగ్ తడిస్తే అప్పుడే మార్చాలి, రేపటి డ్రెస్సింగ్ దాకా ఆగకూడదు.

పప్పు తింటే చీము పడుతుందని జావ, ఇడ్లీతో సరిపెడుతుంటే ఆపమనండి, అది ఉత్త మాట. పుండు మానాలంటే కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, గుడ్డులో ఉండేది 6 గ్రాములే, కాబట్టి పప్పు, పెరుగు, గుడ్లు అన్నీ పెట్టాలి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. షుగర్ కూడా అదుపులో ఉండాలి.

దుర్వాసన, చీము, చుట్టూ ఎరుపు పాకడం, అమ్మ మత్తుగా ఉండటం, వీటిల్లో ఏదున్నా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, పెద్దవాళ్లకి ఒక్కోసారి జ్వరం కూడా రాదు. హోమ్ వాళ్లు ఎంత చెప్పినా పట్టించుకోకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, అడిగితే అమ్మని ఇంకా సరిగ్గా చూడరేమో అని భయపడకుండా ఫోన్ చేయండి.